లినక్స్ కోసం పాత ఆఫీస్ లాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు బయోస్ చూడండి

కంపెనీలు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లలో కొన్నిటి బయోస్‌కి (విండోస్ కంటే ముందే నడిచే మిషన్ సెట్టింగ్‌ల ప్రోగ్రాం) పాత ఐటీవాళ్లు పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్, అంటే ఆ సెట్టింగ్‌లు ఇంకెవరూ మార్చకుండా వేసిన తాళం, అలాగే ఉండిపోతోంది. షాపులో విండోస్ ఆన్ చేసి చూపిస్తారు, అందులో ఏ లోపమూ కనబడదు. ఇంటికొచ్చి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) పెన్‌డ్రైవ్ పెట్టాక తెలుస్తుంది, సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే రక్షణ) మారదు, బూట్ ఆర్డర్ (ముందు దేన్నుంచి మొదలవ్వాలనే క్రమం) మారదు.

అందుకే అక్కడే రీస్టార్ట్ చేయించండి. ఆన్ అవుతుండగా బయోస్ మెనూ కోసం లెనోవోకి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 నొక్కాలి. మెనూ తెరుచుకుంది కదా అని నమ్మేయకండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో పాస్‌వర్డ్ అడిగినచోట ఉత్త ఎంటర్ కొట్టినా మెనూ వస్తుంది. కానీ సెక్యూరిటీ ట్యాబ్‌లో సెక్యూర్ బూట్ దగ్గరికి వెళ్తే ఆ వరస బూడిదరంగులో ఉంటుంది, ఎంటర్ కొట్టినా కదలదు. ఏదో ఒక సెట్టింగ్ మార్చి, సేవ్ చేసి, మళ్లీ లోపలికెళ్లి అది నిలిచిందో లేదో చూస్తేనే ఖాయం.

"బోర్డు మీది సెల్ తీసి పెడితే పాస్‌వర్డ్ పోతుందండీ" అంటారు షాపువాళ్లు. థింక్‌ప్యాడ్‌లో పోదు. పాస్‌వర్డ్ ఉండేది బోర్డు మీది వేరే చిప్‌లో, సెల్ తీస్తే పోయేది తేదీ, టైమే. లెనోవో చెప్పే దారి మదర్‌బోర్డు మార్చడం ఒక్కటే. ఆ ఖర్చుకి సిద్ధపడి పాత మిషన్ కొనడం దండగ.

బయోస్ మెనూలోనే ఆబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ (పోయిన లాప్‌టాప్‌ని దూరం నుంచి వెతికే, లాక్ చేసే ఏర్పాటు) అని ఉంటే చూడండి. "యాక్టివేటెడ్" అని ఉంటే కొనొద్దు, పాత యజమాని నిఘా ఇంకా దాని మీద ఉండొచ్చు.

లాక్ లేకపోయినా లాటిట్యూడ్‌లో ఇంకో చిక్కుంది. బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌ని నడిపే పద్ధతి) "రెయిడ్ ఆన్"లో ఉంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనబడకపోవచ్చు. విండోస్ అక్కర్లేకపోతే అక్కడే ఉండే ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కి మార్చేయండి. ఉంచుకోవాలంటే మాత్రం ముందు విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, ఏహెచ్‌సీఐకి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ చేసి టిక్ తీసేయాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలి తెర దగ్గరే ఆగిపోతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. అది అమ్మినవాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండిపోతే మీ చేతికి రాదు.

2022 నుంచి వచ్చిన థింక్‌ప్యాడ్‌లలోనూ సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు. బయోస్‌లో "అలౌ మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ యూఈఎఫ్ఐ సీఏ" అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్‌లు బూటవుతాయి.

బిల్లు మీద "బయోస్ లాక్ లేదు, ఉంటే వాపసు" అని సీరియల్ నంబర్‌తో సహా రాయించుకోండి. రాయనంటే ఆ మిషన్ అక్కడే వదిలేయండి.