థర్మోస్టాట్ కిట్ రివ్యూ: హీట్ ఎక్కని డీజిల్ ట్రక్కుకు సీల్‌తో వచ్చేదే కొనండి

లోడుతో అరగంట నడిచినా ఇంజన్ వేడి చూపే గేజ్ ముల్లు పైకి రాదు. హీటర్ గోరువెచ్చని గాలి తప్ప ఇవ్వదు. మైలేజ్ పడిపోతుంది, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ ఓ పట్టాన తగ్గదు. కొత్తరకం ఇంజన్లలో పి0128 కోడ్, అంటే కూలెంట్ తగినంత వేడెక్కలేదని బండి కంప్యూటర్ ఇచ్చే సంకేతం, కూడా పడుతుంది. ఇవన్నీ కలిసి కనిపిస్తే ఎక్కువసార్లు తప్పు థర్మోస్టాట్‌దే, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వుదే. విడిగా వాల్వు ఒక్కటే అమ్ముతారు. వాల్వు, రబ్బరు సీల్, గ్యాస్కెట్ కలిపి కిట్‌గానూ అమ్ముతారు. ధర కాస్త ఎక్కువైనా మేం కొనమనేది కిట్టే.

కారణం సీల్. పెద్ద డీజిల్ ఇంజన్లలో చాలావాటికి థర్మోస్టాట్ స్లీవ్ (గొట్టంలాంటి భాగం) చుట్టూ, అది కూర్చునే హౌసింగ్‌లో, ఒక లిప్ సీల్ ఉంటుంది; లిప్ అంటే స్లీవ్‌ను ఒరుసుకునే దాని రబ్బరు అంచు. వాల్వు గట్టిగా మూసుకున్నా, ఈ లిప్ అరిగితే కూలెంట్ పక్కనుంచి రేడియేటర్‌లోకి జారిపోతూనే ఉంటుంది. పాత సీల్ మీదే కొత్త వాల్వు వేస్తే డబ్బు ఖర్చయినా ముల్లు మాత్రం కదలదు. పాత సీల్‌ను చేతిలోకి తీసుకుని లిప్‌ను బొటనవేలితో వంచి చూడండి. మెత్తగా వంగి వెంటనే వెనక్కి రావాలి. ప్లాస్టిక్ ముక్కలా బిగుసుకుపోయి, స్లీవ్ రాసుకున్న చోట నున్నటి గీత పడి ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఇక వాల్వు మీద చెక్కిన అంకె. 82 అని ఉంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందని అర్థం. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు కావాలి. మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే కొనాలి. చల్లగా ఉంటే ఇంజన్‌కు మంచిదని 71 డిగ్రీలది వేసేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా కాలదు. కాలని డీజిల్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగి, ఆయిల్‌ను పలచన చేస్తుంది. మసి ఫిల్టర్ ఉన్న బండిలో కూలెంట్ తగినంత వేడెక్కకపోతే రీజెన్ (ఫిల్టర్‌లోని మసిని కాల్చేసే పని) మొదలవ్వదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. డురామాక్స్ లాంటి ఇంజన్లకు రెండు థర్మోస్టాట్లు ఉంటాయి; ఒకటి పాడైనా రెండూ ఒకేసారి మార్చండి.

‘ఫెయిల్‌సేఫ్’ పేరుతో అమ్మే రకం ఈ పనికి మేం ఒప్పుకోం. ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కితే అది తెరుచుకున్న స్థితిలోనే లాక్ అయిపోతుంది. అక్కడినుంచి మళ్లీ ఇదే జబ్బు.

ఏ కిట్ కొన్నా బిగించే ముందు నీళ్లలో పరీక్షించండి. వాల్వును దారంతో గిన్నెలో వేలాడదీయండి, అడుగుకు తగలకూడదు. పక్కన థర్మామీటర్ పెట్టి, నీళ్లు కలుపుతూ సన్నటి మంట మీద కాచండి. చెక్కిన అంకెకు రెండు డిగ్రీలు అటూఇటూగా వాల్వు అంచు దగ్గర సన్నటి సందు కనిపించాలి. అంతకు చాలా ముందే తెరుచుకుంటే, చల్లారాక పూర్తిగా మూసుకోకపోతే, కొత్తదైనా సరే తిప్పి ఇచ్చేయండి.

అసలు కొనే ముందు తప్పు థర్మోస్టాట్‌దో కాదో తేల్చుకోవాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. మొదటినుంచీ ఇంజన్‌తో పాటే మెల్లగా వెచ్చబడుతుంటే కూలెంట్ థర్మోస్టాట్‌ను దాటిపోతోందని లెక్క. హోస్ చల్లగానే ఉండి గేజ్ కూడా తక్కువ చూపిస్తే సెన్సర్‌ను అనుమానించండి. హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలవండి, కానీ మెరిసే అల్యూమినియం మీద అది బాగా తక్కువ చూపిస్తుంది. ఒక నల్ల టేపు ముక్క అతికించి దాని మీద గురిపెట్టండి. కూలెంట్ తగ్గి సెన్సర్ గాలిలో తేలినా ముల్లు కిందే ఉంటుంది, అందుకే లెవెల్ ముందే చూసుకోవాలి. ఐడిల్‌లో మాత్రం తీర్పు చెప్పకండి. లోడు లేని డీజిల్ ఇంజన్‌లో పుట్టే వేడి చాలా తక్కువ, చలిలో బాగున్న బండి కూడా చల్లబడుతుంది. రేడియేటర్ ఫ్యాన్‌ను అవసరమైనప్పుడే తిప్పాల్సిన ఫ్యాన్ క్లచ్ పాడై ఫ్యాన్ ఎప్పుడూ హోరెత్తుతుంటే డీజిల్ తింటుంది, దాన్ని బాగుచేయించాల్సిందే. కానీ మంచి థర్మోస్టాట్ ఉంటే ఆ ఒక్కదానివల్ల ఇంజన్ ఇంతగా చల్లబడదు.

థర్మోస్టాట్ పీకేసి నడపడం మరీ ప్రమాదం. చాలా వాల్వులకు కింద ఇంకో పళ్లెం ఉంటుంది, వేడెక్కాక బైపాస్ దారిని (కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజన్‌లోకే తిరిగొచ్చే దారిని) మూసేది అదే. అది లేకపోతే మామూలు రోడ్డు మీద చల్లగా ఉన్న ఇంజనే ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌హీట్ అవుతుంది, ఎందుకంటే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి వచ్చేస్తుంది.

బిగించడం ఇంజన్ పూర్తిగా చల్లారాకే. కూలెంట్‌ను హౌసింగ్ కిందిదాకా దించి, పాత గ్యాస్కెట్ మొత్తం గీకండి. సీల్‌ను మాన్యువల్‌లో చూపిన వైపే, వంకర లేకుండా కొట్టి, లిప్‌కు కాస్త కూలెంట్ రాయండి. వ్యాక్స్ గుండు (వేడికి ఉబ్బి వాల్వును తెరిచే మైనం ఉన్న భాగం) ఇంజన్ వైపు ఉండాలి. గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పైకి రావాలి. గాలి తొందరగా పోతుందని ఇంకో రంధ్రం కొట్టవద్దు, ఆ రంధ్రమే మళ్లీ లీకు. హీటర్ తెరిచి కూలెంట్ నిదానంగా నింపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడపండి. పని సరిగ్గా కుదిరితే పై హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. మర్నాడు చల్లటి ఇంజన్ మీద లెవెల్ మళ్లీ చూసి, తగ్గినంత పోయండి.