ఇంగ్లీషు టెన్సుల మీద ఒక ఆన్‌లైన్ కోర్సు: మొదటి సగం మేలు

షరతు వాక్యాల్లోనూ ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోనూ ఏ టెన్సు వాడాలో నేర్పే ఒక ఆన్‌లైన్ కోర్సును ఈ మధ్యనే పూర్తి చేశాను. చిన్న చిన్న వీడియో పాఠాలు, ప్రతి పాఠం చివర కంప్యూటరే దిద్దే అభ్యాసాలు ఇందులో ఉన్నాయి.

షరతు వాక్యాల భాగం నిజంగా మెచ్చుకోదగినది. షరతు వాక్యాలను జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు రకాలుగా విడదీసే మూసలను బట్టీ పట్టించకుండా, పాస్ట్ టెన్సు గడిచిన కాలాన్నే కాక వాస్తవానికి దూరమైన ఊహను కూడా తెలుపుతుందన్న ఒక్క సూత్రంతో పాఠం మొదలవుతుంది. 'ఇఫ్ ఐ హ్యావ్ టైమ్, ఐ విల్ కమ్' అన్న మనిషికి తీరిక దొరకవచ్చునన్న నమ్మకం ఉంది. 'ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ కమ్' అన్న మనిషికి తీరిక లేదు, లేదా దొరుకుతుందన్న ఆశ తక్కువ. ఈ రెండో వాక్యంలో పాస్ట్ టెన్సు ఉన్నా అది నిన్నటి మాట కాదు. నిన్నటి సంగతే చెప్పదలిస్తే మరో మెట్టు వెనక్కి వెళ్లి 'ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హ్యావ్ కమ్' అనాలి. ఆ రెండు 'హ్యాడ్'లు పక్కపక్కనే ఎందుకు వస్తాయో ఇన్నేళ్లకు నాకు ఇక్కడే తేటతెల్లమైంది.

తెలుగువారికి ఈ వివరణ మరీ అవసరం. 'వస్తే చెబుతాను' అన్నా, 'వస్తే చెప్పేవాణ్ణి' అన్నా మన 'వస్తే' మారదు, తేడానంతా చివరి క్రియే మోస్తుంది. ఇంగ్లీషులో ఆ భారాన్ని రెండు క్రియలూ పంచుకుంటాయి. రేపటి వాన గురించి 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అనకూడదని చెప్పి ఊరుకోకుండా, 'ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మొమెంట్' వంటి మర్యాదపూర్వకమైన అభ్యర్థనలో ఆ 'విల్' సమ్మతిని తెలుపుతుందని కూడా ఈ కోర్సు చెప్పింది.

ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌కు వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ కనిపించలేదు. 'యామ్' 'వాజ్' అవుతుంది, 'విల్' 'వుడ్' అవుతుంది అంటూ ఒక పట్టిక చూపించి, దాని ప్రకారం మార్చుకుంటూ పొమ్మన్నారు. ఒక అభ్యాసంలో నేను 'షీ సెడ్ షీ లివ్స్ నియర్ ద స్టేషన్' అని రాస్తే తప్పని దిద్దింది. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంటున్నప్పుడు 'లివ్స్' అన్నా 'లివ్డ్' అన్నా ఒప్పే. ఆ మాట నేటికీ నిజమని చెప్పదలిచామా, ఆమె అన్న మాటగానే వదిలేయదలిచామా అన్నదాన్ని బట్టి మనమే ఎంచుకోవాలి. ఆ స్వేచ్ఛ ఉందని విద్యార్థికి తెలియనివ్వకపోవడం చిన్న లోపమేమీ కాదు.

మనం 'వస్తానన్నాడు' అంటాం. చెప్పింది అతడే అయినా 'వస్తాను' అన్న ఉత్తమ పురుష అలాగే నిలిచిపోతుంది, కాలమూ మారదు. ఆ అలవాటు వల్లనే 'హీ సెడ్ దట్ ఐ విల్ కమ్' అనేస్తాం. వినేవారికి మాత్రం వచ్చేది అతడు కాదు, మనమే అన్నట్టుగా వినిపిస్తుంది. పురుషను మార్చడం గురించి పాఠంలో ఒక్క వాక్యమే ఉంది.

షరతు వాక్యాల కోసమైతే ఈ కోర్సులో నిస్సంకోచంగా చేరవచ్చు, ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌కు మాత్రం మరో ఆధారం వెతుక్కోవలసిందే. అన్నిటికంటే నన్ను బాధించినది ఈ రెండు అంశాలూ కలిసే చోటును పూర్తిగా వదిలేయడం. 'హీ సెడ్ హీ వుడ్ కమ్ ఇఫ్ హీ హ్యాడ్ టైమ్' అన్న వాక్యం వినగానే, అతడు అసలు అన్నది 'ఐ విల్ కమ్ ఇఫ్ ఐ హ్యావ్ టైమ్' అనా, 'ఐ వుడ్ కమ్ ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్' అనా అన్నది ఆ వాక్యాన్ని బట్టి తేలదు. మొదటిది వస్తానన్న మాట, రెండోది దాదాపు రానని చెప్పడం. సందర్భం తెలిస్తే తప్ప ఏది నిజమో చెప్పలేని ఇలాంటి వాక్యానికి ఒక పాఠమంతా కేటాయించవలసింది.