జాగ్రత్త: మెయిల్ ఐమ్యాప్‌కి మారుస్తామని ఎవరైనా వస్తే, ముందు పాత ఫైల్ కాపీ తీసుకోండి

శనివారం మధ్యాహ్నం దాకా మా ఆఫీసులో ఏడేళ్ల మెయిల్స్ ఉన్నాయి. ఈ రోజు సోమవారం, రెండు వారాలవే మిగిలాయి. కోపం తగ్గాక రాస్తే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ డిస్ట్రిబ్యూషన్. ఐదు సిస్టమ్స్, అన్నింట్లో మెయిల్‌కి అవుట్‌లుక్, అన్నీ పాప్3 అకౌంట్లు, అంటే మెయిల్స్ ఏ సిస్టమ్‌లోకి దిగితే అందులోనే ఉండే రకం. కౌంటర్ నుంచి వెళ్లిన కొటేషన్ నా ఫోన్‌లో దొరకదు, ఫోన్‌లో చదివింది సిస్టమ్‌లో చదవనట్టే ఉంటుంది. అందుకే మెయిల్స్ సర్వర్‌లోనే ఉండి అన్నిచోట్లా ఒకేలా కనిపించే ఐమ్యాప్ పద్ధతికి మార్పిద్దామనుకున్నాం. మా మెయిల్ అడ్రస్‌కి డొమైన్ పేరు అమ్మినతనే ఆరు వేలకు చేస్తానన్నాడు. పేరు రాయను, ఇక్కడ వ్యాపారం చేసేవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. మనవాడే కదా అని బేరం కూడా ఆడలేదు.

ఒక కుర్రాణ్ని పంపాడు. కొత్త అకౌంట్ పెట్టాడు, పాతది తీసేశాడు. తర్వాత డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్ తెరిచాడు. అందులో 11 జీబీ పీఎస్‌టీ ఫైల్, అంటే అవుట్‌లుక్ మెయిల్స్ దాచుకునే ఫైల్, ఒకటి ఉంది. "ఇదేంటి బాబూ?" అని అడిగాను. "పాత అకౌంట్‌ది సార్, ఇంక పని లేదు. మెయిల్స్ అన్నీ సర్వర్‌లో ఉంటాయి, ఐమ్యాప్ అంటేనే అది. మీ సీ డ్రైవ్ నిండిపోయింది, ఇది తీసేస్తే సిస్టమ్ ఫాస్ట్ అవుతుంది" అన్నాడు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కాడు. శాశ్వతంగా తీసేయాలా అని స్క్రీన్ మీద అడిగింది. ఎంటర్ కొట్టాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. మిగతా నాలుగు సిస్టమ్స్‌లోనూ అదే చేసి వెళ్లాడు, వెళ్లేటప్పుడు టీ కూడా ఇప్పించాను.

పాప్‌లో మెయిల్ సర్వర్ నుంచి మన సిస్టమ్‌లోకి దిగిపోతుంది. సర్వర్‌లో కాపీ ఎన్నాళ్లు ఉంచాలో అవుట్‌లుక్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. మా వాటిలో 14 రోజులని ఉంది. అది దాటినవన్నీ ఆ ఒక్క ఫైల్‌లోనే ఉన్నాయి. అవుట్‌లుక్ నుంచి మేం పంపిన మెయిల్స్ అయితే సర్వర్‌లో ఏనాడూ లేవు. ఇదంతా ఈ రోజు తెలుసుకున్నాను. రోజూ ఇదే పని చేసేవాడికి శనివారం తెలియకుండా ఉంటుందా?

పొద్దున మా అకౌంటెంట్ అమ్మాయి పిలిచి, "సార్, రెండు వారాల వెనక్కి వెళ్లట్లేదు" అంది. తను కంపెనీకో ఫోల్డర్ పెట్టుకుంది, రేటు తేడాలకు విడిగా ఇంకోటి. ఒక్కటీ లేదు. సెంట్ ఐటమ్స్ ఖాళీ. ఆ అమ్మాయి తన తప్పేమోనని కళ్లనీళ్లు పెట్టుకుంది.

డొమైన్ అమ్మినతనికి ఫోన్ చేశాను. "మీరు మార్చమన్నారు, మార్చాం సార్. బ్యాకప్ వేరే సర్వీస్, దానికి వేరే చార్జీ. మీరు అడగలేదు కదా" అన్నాడు. "ఏడేళ్ల మెయిల్స్ పోయాయండీ" అన్నాను. "పాతవి ఇప్పుడెవరు చూస్తారు సార్, కొత్తవి వస్తున్నాయిగా?" అన్నాడు. పక్కన ఎవరో నవ్వడం నాకు వినబడింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సాయంత్రం వాట్సాప్‌లో ఆరు వేల బిల్లు పంపాడు, కింద క్యూఆర్ కోడ్‌తో.

ఎవరు చూస్తారా? జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి. మా ఇన్‌వాయిస్‌లు ట్యాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, అంతవరకు నయం. కంపెనీలు పంపిన క్రెడిట్ నోట్లు, రేటు ఒప్పుకుంటూ రాసిన జవాబులు, స్కీమ్ లెటర్లు మాత్రం మెయిల్‌లోనే ఉండేవి. రేపు ఎవరైనా ఆ రేటు మేం ఒప్పుకోలేదంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

గవర్నర్‌పేటలో డేటా రికవరీ చేసే ఆయన్ని కలిశాను. పాత హార్డ్‌డిస్కులున్న రెండు సిస్టమ్స్ వెంటనే ఆపేయమన్నాడు, వాటిలోంచి కొంత రావచ్చట. మిగతా మూడూ ఎస్ఎస్‌డీలు, అంటే స్పీడ్‌గా పనిచేసే కొత్త రకం డిస్కులు. డిలీట్ చేసిన చోటును ట్రిమ్ అనే పద్ధతిలో డిస్కే తుడిచేస్తుందని, ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. నాదీ, అకౌంటెంట్‌దీ ఆ మూడింట్లోనే ఉన్నాయి. స్పీడ్ కోసం నిరుడు నేనే వేయించాను.

తప్పు నాదీ ఉంది. సర్వర్‌లో ఉన్నవే బ్రౌజర్‌లో చూపించే వెబ్‌మెయిల్ తెరిచి పోయినేడాది మెయిల్ ఒక్కటి చూపించమని అడిగి ఉంటే అక్కడే బయటపడేది. అడగలేదు. ఆ మాట రెండు రాత్రుల ముందు తట్టి ఉంటే ఎంత బాగుండేది.

మీలో ఎవరైనా మార్పించుకోబోతుంటే, అవుట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, డేటా ఫైల్స్‌లోకి వెళ్తే పీఎస్‌టీ ఎక్కడుందో కనిపిస్తుంది. అవుట్‌లుక్ మూసేసి దాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. పాతవన్నీ సర్వర్‌లోకి ఎక్కిస్తామంటే మీ మెయిల్‌బాక్స్‌లో అంత చోటుందో లేదో ముందే కనుక్కోండి. ఎక్కించకపోయినా పర్వాలేదు, ఆ ఫైల్‌ను అవుట్‌లుక్‌లో విడిగా తెరుచుకోవచ్చు.

బిల్లు ఇంకా కట్టలేదు. రేపు పొద్దున్నే ఒక్కో కంపెనీకి ఫోన్ చేసి పాత క్రెడిట్ నోట్లు మళ్లీ పంపమని బతిమాలుకోవాలి. పద్దెనిమిది కంపెనీలు ఉన్నాయి.