డుషేన్ పిల్లలకు మేధస్సు పరీక్ష: ట్యాబ్‌లోనా, సైకాలజిస్టు ఎదుటా?

డుషేన్ అంటే కండరాలు క్రమంగా బలహీనపడే జన్యు జబ్బు. అది ఉన్న పిల్లల అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: మేధస్సు పరీక్ష ట్యాబ్‌లో చేయించాలా, సైకాలజిస్టు ఎదుట కూర్చోబెట్టా? నేనైతే ముందు చేతి సంగతి చూడమంటాను.

ట్యాబ్ పరీక్షల్లో చాలావాటికి వేగమే మార్కు. ఎన్ఐహెచ్ టూల్‌బాక్స్ అనే అమెరికా ట్యాబ్ పరీక్షల కట్టలోని ఫ్లాంకర్‌నే తీసుకోండి. మధ్య బాణం ఎటు తిరిగి ఉందో చూసి బొత్తాం నొక్కాలి. జవాబులు చాలావరకు సరిగ్గా ఉంటే ఎంత త్వరగా నొక్కాడన్నదీ స్కోరులో కలుస్తుంది. చెయ్యి లేవని పన్నెండేళ్లవాడికి ఆలస్యం బుర్రలో అయిందా, భుజంలో అయిందా? ఆ అంకె చెప్పదు.

అలాగని కాగితం పరీక్షలు చేతిని వదిలేస్తాయనుకోకండి. సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని పెట్టే వెక్స్లర్ తరహా ఐక్యూ పరీక్షల్లో పెన్సిలుతో గుర్తులు నింపాలి, ఘనాలు పేర్చాలి, పక్కన గడియారం నడుస్తూనే ఉంటుంది. కాకపోతే ఎదురుగా ఉన్న మనిషికి వాడు అలిసిపోయాడని తెలుస్తుంది, కాసేపు ఆపుతారు, రిపోర్టులో ఆ మాట రాస్తారు. నోటితో చెప్పే భాగం స్కోరు విడిగా ఇమ్మని మనమూ అడగొచ్చు.

డుషేన్‌లో ఎక్కువగా తడబడేది కూడా ఆ భాగంలోనే: విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం. డుషేన్‌లో లోపించే ప్రోటీన్ డిస్ట్రోఫిన్ కండరంలోనే కాదు, మెదడులోనూ ఉంటుంది. దాని జన్యువులో లోపం 45వ ఎక్సాన్ (జన్యువులోని ఒక ముక్క) దాటాక ఉన్నవాళ్లలో డీపీ140 అనే డిస్ట్రోఫిన్ పొట్టి రూపం కూడా దెబ్బతినొచ్చు, చదువు ఇబ్బందులు వాళ్లలోనే ఎక్కువ. డీఎన్ఏ రిపోర్టు సైకాలజిస్టుకు తప్పక చూపించండి. అంకెలు విని తిరిగి చెప్పే డిజిట్ స్పాన్‌కు నోరుంటే చాలు. మన దగ్గర పిల్లల మేధస్సు కొలవడానికి వాడే మాలిన్ స్కేలులో అది ఉంది. ఆ స్కేలు 1969 నాటిది, సగటులు పాతబడ్డాయి, నిజమే. కానీ టూల్‌బాక్స్ మన పిల్లల్ని పోల్చేది అమెరికా పిల్లలతో.

ట్యాబ్‌కూ ఒక బలం ఉంది. ఎవరు పెట్టినా ప్రశ్న ఒకేలా వస్తుంది కాబట్టి, మందుల ట్రయల్‌లో ఏళ్ల తరబడి పోల్చాలంటే అదే నయం. టూల్‌బాక్స్‌లోనే లిస్ట్ సార్టింగ్‌కు (చూపించిన వాటిని గుర్తుంచుకుని సైజు వరుసలో చెప్పే పరీక్ష) నోటితో జవాబు చెబితే సరిపోతుంది.

కాంటాబ్ అనే మరో ట్యాబ్ పరీక్షల కట్టలో భాష బెడద తక్కువ, వేలి బెడద మాత్రం అదే. ఫోన్‌లోని బ్రెయిన్ గేములు ఆడుకోవడానికి.

మావాడికి ఎదురుగా కూర్చోబెట్టే చేయించాం. ఏదైనా ట్రయల్‌లో ట్యాబ్ పరీక్ష పెడితే కాదనం, కానీ టైముతో పనిలేని మార్కులు వేరుగా ఇమ్మంటాం.