పెళ్లి ఎడిటింగ్‌కి మూడేళ్లుగా టాబ్లెట్ వాడుతున్నాను

తణుకు చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీస్తుంటాను. మూడేళ్ల కిందట లాప్‌టాప్ మొరాయిస్తుంటే దాని బదులు 11 అంగుళాల టాబ్లెట్ కొన్నాను. 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ, పెన్ను విడిగా. ఇక లాప్‌టాప్ అక్కర్లేదనుకున్నాను. ఫోటోల వరకు అది నిజమే అయింది.

ఫంక్షన్ హాళ్లలో రంగుల ఎల్‌ఈడీ లైట్లకు పెళ్లికూతురి మొహం ఒకవైపు ఊదాగా, ఒకవైపు పసుపుగా పడుతుంది. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ యాప్‌లో పెన్నుతో బుగ్గ వరకు మాస్క్ గీసి (అంటే దిద్దాల్సిన చోటు వరకే గుర్తు పెట్టి), ఆ ఊదా ఒక్కటే తగ్గిస్తాను. బాసికం అంచు, చెవి దగ్గర వెంట్రుకలు, బుగ్గచుక్క చుట్టూ మౌస్‌తో పది నిమిషాలు పట్టే పని పెన్నుతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎంత నొక్కాలో చేతికే తెలిసిపోతుంది. మళ్లీ మౌస్ పట్టుకోబుద్ధి కావడం లేదు.

మంచి ఫోటోల ఏరివేత కూడా టాబ్లెట్ మీదే. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే, ఎదురుసన్నాహం అయ్యాక ఓ మూల కుర్చీలో కూర్చుని రెండు మూడు వందల ఫోటోలు ఏరేస్తాను. ద్వారకా తిరుమలలో ఒక పెళ్లికి, పొద్దున్న టిఫిన్లు పెట్టే వేళకే నిమిషం రీల్ పెళ్లికొడుకు నాన్నగారి ఫోన్‌కి పంపాను. ఆయన అది బంధువులందరికీ చూపించుకుంటూ తిరిగారు. ఆ ఆనందం చూశాక టాబ్లెట్‌కి పెట్టిన డబ్బు గురించి బాధ పోయింది.

వీడియో ఎడిటింగ్‌కి లూమాఫ్యూజన్, డావిన్చీ రిజాల్వ్ అనే యాప్‌లు వాడుతున్నాను. రీల్స్‌కి, ఐదు నిమిషాల హైలైట్స్‌కి రెండూ హాయిగా నడుస్తాయి. డావిన్చీలో మొదలుపెట్టిన ప్రాజెక్టును తర్వాత కంప్యూటర్‌లో తెరుచుకోవచ్చు. పూర్తి పెళ్లి వీడియోకి మాత్రం లెక్క కుదరదు. 4కెలో 100 ఎంబీపీఎస్‌తో (సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున) తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే 360 జీబీ, టాబ్లెట్‌లో ఉన్నదేమో 256. బయట ఎస్‌ఎస్‌డీ (విడి స్టోరేజీ డ్రైవ్) పెడదామంటే ఉన్న ఒక్క పోర్టూ దానికే పోతుంది, ఛార్జింగ్‌కి హబ్ (ఒక పోర్టును నాలుగైదుగా చేసేది) కొనాలి. ఎస్‌ఎస్‌డీని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే విండోస్‌లోనూ పనిచేస్తుంది.

ఒకసారి ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) నడుస్తుండగా వాట్సాప్‌లో మెసేజ్ చూసి వచ్చేసరికి అది ఆగిపోయి ఉంది. నలభై నిమిషాలు మళ్లీ మొదటి నుంచి. అవతల పెళ్లివారి ఫోన్లు, ఆ టెన్షన్ మర్చిపోలేను. అప్పటి నుంచి ఎక్స్‌పోర్ట్ పెడితే స్క్రీన్ ముట్టుకోను. మే నెలలో షామియానా కింద ఇంకో ఇబ్బంది: ఫ్యాన్ లేని పరికరం కదా, వేడెక్కితే స్క్రీన్ వెలుతురు తగ్గిపోతుంది. అప్పుడు రంగులు దిద్దితే తప్పు పడతాయి.

అన్నిటికంటే నన్ను వెనక్కి లాగింది తెలుగు అక్షరాలు, ఆల్బమ్. మన ఆల్బమ్ డిజైన్లన్నీ 12×36 అంగుళాల పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైళ్లు, వాటిలో పేర్లు 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంటాయి. ఆ టైపింగంతా విండోస్‌కి అలవాటు పడ్డది. టాబ్లెట్‌లో రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వేసుకున్నాను, చక్కగా ఉంటాయి. కానీ ఒక వీడియో యాప్‌లో 'లక్ష్మి' అని కొడితే వత్తు విడిపోయి పక్కన పడింది. పెళ్లికూతురి పేరే తప్పుగా కనిపిస్తే ఆ వీడియో ఎవరికి ఇవ్వగలం? ఇప్పుడు పేరును పారదర్శక పీఎన్‌జీగా (వెనక రంగు లేని బొమ్మగా) చేసుకుని వీడియో మీద పెడుతున్నాను.

రీల్స్, ఫోటోలే మీ పనైతే టాబ్లెట్ ధైర్యంగా కొనండి, కానీ 512 జీబీకి తగ్గొద్దు. పెన్ను, హబ్, ఎస్‌ఎస్‌డీ ఖర్చు ముందే కలుపుకోండి. ఆల్బమ్‌లు కూడా మీరే చేస్తుంటే పాత లాప్‌టాప్ అమ్మకండి. నేను నాదానికి రిపేరు చేయించి, ర్యామ్ పెంచి, మళ్లీ టేబుల్ మీద పెట్టుకున్నాను.