నోట్ 10 సరే, ఏ నోట్ 10?

ఫోనుకి 4 స్టార్లు, పేరుకి ఒకటే. 2021లో కొన్న రెడ్‌మీ నోట్ 10 ఇంకా నా జేబులోనే ఉంది. అమోలెడ్ స్క్రీన్ బాగుంది, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఇప్పటికీ సాయంత్రం దాకా లాగుతోంది.

ఆ మార్చిలో నోట్ 10, ప్రో, ప్రో మ్యాక్స్ వచ్చాయి. ఏడాది తిరక్కుండానే 10ఎస్, 10టీ 5జీ, లైట్ దిగాయి. లైట్ అయితే పాత నోట్ 9 ప్రోకి కొత్త పేరు, అంతే! మన దగ్గర ప్రో మ్యాక్స్‌గా అమ్మిన 108 మెగాపిక్సెల్ ఫోను బయటి దేశాల్లో ఉత్త ప్రో. అక్కడి ప్రో రివ్యూ చూసి ఇక్కడి ప్రో కొంటే 64 మెగాపిక్సెలే.

మొన్న బ్యాక్ కవర్‌కి వెళ్తే షాపు కుర్రాడు "నోట్ టెన్నేగా అన్నా" అంటూ 10టీది చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి తొడిగితే కెమెరా సగం కవర్ కిందే. మార్చమంటే "ఓపెన్ చేసినవి తీసుకోం" అన్నాడు. 150 రూపాయలు పోయాయి. ఇప్పుడు ఫోనే తీసి కౌంటర్ మీద పెడుతున్నా.