నాలుగేళ్లు నడుముకు మోసిన గ్లాక్ 43ఎక్స్ పిస్టల్

ఒకప్పుడు 36 నడుము ప్యాంటు వేసుకునేవాణ్ని. గన్ పెట్టుకోవడం మొదలుపెట్టాక 38 కొంటున్నాను. పొట్ట పెరిగి కాదు (అదీ కొంచెం ఉందిలెండి), ప్యాంటు లోపల హోల్‌స్టర్‌కి (గన్ పెట్టుకునే ఒరకి) చోటు కావాలి కదా. కొత్తగా గన్ కొనేవాళ్లకు ఈ సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. బ్యారెల్ (గొట్టం) ఎన్ని అంగుళాలు, మ్యాగజీన్‌లో, అంటే తూటాలు నింపే డబ్బాలో, ఎన్ని రౌండ్లు (తూటాలు) అని అరగంట మాట్లాడతారు. ఇంటికొచ్చి నడుముకు దోపుకుంటే ప్యాంటు గుండీ పట్టదు.

మాది టెక్సస్‌లో ఫోర్ట్ వర్త్ వైపు ఒక గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని కన్వీనియన్స్ స్టోర్. రాత్రి పదకొండుకు మూసి, లెక్క చూసుకుని, క్యాష్ సంచితో కారు దాకా నడిచే ఆ ముప్పై అడుగులే నా చేత గన్ కొనిపించాయి. 2021 నుంచి పెట్టుకుంటున్నాను. అందులో మొదటి ఐదు నెలలు తప్పు గన్‌తో గడిచాయి. అది ముందు చెబుతాను.

మొదట కొన్నది పాయింట్ 380 (అది తూటా సైజు) పాకెట్ పిస్టల్. కంపెనీ పేరెందుకు, ఆ సైజులో అన్నీ ఇంచుమించు అంతే. అరచేతిలో ఇమిడిపోయింది, జేబులో వేసుకుంటే పర్సు బరువు కూడా లేదనిపించింది. ముచ్చటపడి కొన్నాను. రేంజ్‌కి, అంటే గన్ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి, తీసుకెళ్లాక తెలిసింది దాని సంగతి. పిడి ఎంత చిన్నదంటే చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. గన్ తేలికగా ఉన్నకొద్దీ కాల్చినప్పుడు చేతిని వెనక్కి గట్టిగా తన్నుతుంది. ఒక పెట్టె, అంటే 50 రౌండ్లు పూర్తయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. ఇక రేంజ్‌కి వెళ్లాలంటేనే బద్ధకం. ఇవాళ పని ఉంది, రేపు చూద్దాం అంటూ నెలలు జరిగాయి. గన్ జేబులో ఉంది, దాన్ని వాడడం మాత్రం రాదు. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ గన్‌తోనే లైసెన్స్ పరీక్షకి వెళ్లాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండిన, చట్టం అడ్డు లేని వాళ్లెవరైనా లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకోవచ్చు. అయినా లైసెన్స్ టు క్యారీ తీసుకున్నాను. పక్క రాష్ట్రాలకు వెళ్లినప్పుడు పనికొస్తుంది, పైగా నాలుగు గంటలు కూర్చుని చట్టం వినడం నాలాంటివాడికి అవసరమే. షూటింగ్ పరీక్ష 50 రౌండ్లు. 3 గజాలు, 7 గజాలు, 15 గజాల దూరం నుంచి. 250 మార్కులకు 175 వస్తే పాస్. 3 గజాల దగ్గర బాగానే కొట్టాను. 15 గజాలకు వచ్చేసరికి రౌండ్లు కాగితం మీద ఎక్కడెక్కడికో పోయాయి. బొటాబొటిగా గట్టెక్కాను. ఇన్‌స్ట్రక్టర్ నా కాగితం చూసి, నెలకు ఎన్ని రౌండ్లు ప్రాక్టీస్ చేస్తావని అడిగాడు. సున్నా అన్నాను. నవ్వి సంతకం పెట్టాడు. ఆ నవ్వు నాకు కొన్నాళ్లు గుర్తుండిపోయింది.

తర్వాతి వారం రేంజ్‌లో మూడు గన్‌లు అద్దెకు తీసుకున్నాను: గ్లాక్ 19, సిగ్ పి365 ఎక్స్‌ఎల్, గ్లాక్ 43ఎక్స్. మూడూ 9 ఎంఎం తూటాలవి. కొనే ముందు అద్దెకు తీసుకుని కాల్చి చూడడం కంటే మంచి ఖర్చు లేదు.

19 మంచి గన్. 1988 నుంచి వస్తోంది, 15 రౌండ్లు పడతాయి, చేతిలో నిండుగా ఉంటుంది. మూడింటిలో నేను బాగా కాల్చింది దాంతోనే. కానీ మందం అంగుళంన్నరకు కాస్త తక్కువ, రౌండ్లు నింపితే 850 గ్రాముల పైమాటే. పి365 ఎక్స్‌ఎల్ 12 రౌండ్లది, సన్నగా ఉంటుంది, సైట్లు (గురి చూసే గుర్తులు) చక్కగా కనబడతాయి. దాని మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు, పిడి వంపు నా చేతికి కుదరలేదంతే. 43ఎక్స్ 2019లో వచ్చింది. 10 రౌండ్లు, మందం 1.1 అంగుళాలు, నింపితే 650 గ్రాములు. కందిపప్పు అరకిలో పొట్లం కంటే కొంచెం ఎక్కువ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 43ఎక్స్, 19 రెండింటి ఎత్తూ ఒకటే, 128 మిల్లీమీటర్లు. సన్నగా, పొట్టిగా ఉంటుందని 43ఎక్స్ కొనేవాళ్లు చాలామంది ఇది గమనించరు. చొక్కా కింద గన్ ఆకారం బయటపడేది బ్యారెల్ వైపు కాదు, అది ప్యాంటు లోపల ఉంటుంది. బయటపడేది పిడి. అంటే దాచడం విషయంలో 43ఎక్స్ గెలిచేది మందంలోనూ బరువులోనూ, ఎత్తులో కాదు. అయినా దాన్నే కొన్నాను. పిడి నిండుగా ఉంది కాబట్టి చిటికెన వేలికి చోటు దొరికింది, అది దొరికాక నా గురి కుదిరింది. పిడి కూడా పొట్టిగా కావాలంటే ఉత్త గ్లాక్ 43 ఉంది, కానీ అందులో 6 రౌండ్లే, మళ్లీ వేలు గాల్లోకి.

గన్‌కి వందలు పోసి హోల్‌స్టర్ దగ్గర పిసినారితనం చేశాను. పాతిక డాలర్ల మెత్తటి గుడ్డ హోల్‌స్టర్. గన్ బయటకు తీయగానే దాని మూతి ముడుచుకుపోయేది, తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో తెరవాలి. గ్లాక్‌కి బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్‌లోనే ఉంటుంది. అలాంటి గన్‌ని ముడుచుకుపోయిన గుడ్డలోకి తోయడమంటే, ఆ గుడ్డ మడత ట్రిగ్గర్‌కి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకసారి ఊహించుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. తర్వాత గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌ది కొన్నాను. దాని బెల్ట్ క్లిప్ ఎనిమిది నెలలకు విరిగింది. కూలర్‌లో కింది అరలో నీళ్ల సీసాలు సర్దుతూ లేచాను, టక్ మని చిన్న చప్పుడు, నడుము దగ్గర ఏదో వదులైంది. చూస్తే క్లిప్ ముక్క నేల మీద, హోల్‌స్టర్ గన్‌తో సహా ప్యాంటులోకి జారుతోంది. స్టోర్‌లో ఇద్దరు కస్టమర్లు. మోచేత్తో నడుము అదిమిపట్టి, కడుపునొప్పి వచ్చినవాడిలా వంగి నడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్లాను. ఇప్పుడు వాడేది మూడోది, దానికి రెండు క్లిప్పులు. నెలకోసారి వాటి మరలు బిగిస్తాను.

బెల్ట్ కూడా అంతే. ఆఫీసు బెల్ట్ మీద ఈ బరువు పెడితే గంటలో ఒక పక్కకి వాలుతుంది, ప్రతి పది నిమిషాలకూ ప్యాంటు పైకి లాక్కోవాలి. అలా లాక్కోవడం చూస్తేనే తెలిసినవాడు పసిగట్టేస్తాడు. లోపల గట్టి పట్టీ ఉన్న గన్ బెల్ట్ కొన్న రోజు నుంచి ఆ బాధ తప్పింది.

పెట్టుకునే చోటు గురించి. ముందు వైపు, బొడ్డుకు కుడిపక్కన పెట్టుకుంటే చేతికి త్వరగా అందుతుంది అంటారు. నేను మూడు వారాలు ప్రయత్నించాను. కారులో కూర్చోగానే పొత్తికడుపులో పొడుస్తుంది, భోజనం చేశాక ఇక చెప్పక్కర్లేదు. ఇప్పుడు కుడి తుంటి వెనక. వంగితే కొద్దిగా ఉబ్బెత్తు కనబడుతుంది, అందుకే వంగడం మానేసి గొంతుక్కూర్చోవడం నేర్చుకున్నాను. గళ్ల చొక్కా, ముదురు రంగు, ఒక సైజు పెద్దది: నా బీరువా నిండా ఇప్పుడు ఇవే. పంచె కట్టుకున్న రోజు గన్ ఇంట్లోనే. వ్రతానికి బాసింపట్టు వేసి కూర్చుంటే ఎక్కడ పెట్టుకుంటాం? గుడికి కూడా తీసుకెళ్లను. చట్టం ఏం చెబుతుందనేది వేరే సంగతి, సాష్టాంగ నమస్కారానికీ నడుములో ఇనుముకీ పొత్తు కుదరదు. తాగే పార్టీలకు అసలే తీసుకెళ్లను, మత్తులో గన్ పెట్టుకోవడం ఇక్కడ నేరం.

ఇక గన్ పనితీరు. నాలుగేళ్లలో మూడు వేల రౌండ్ల దాకా కాల్చి ఉంటాను, ఎక్కువగా 115 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) మామూలు రౌండ్లు. రోజూ పెట్టుకునేవి 124 గ్రెయిన్ హాలో పాయింట్లు, అంటే మొన బోలుగా ఉండే తూటాలు. రెండుసార్లు ఆగింది. రెండూ నా తప్పే: ఒకసారి మ్యాగజీన్ పూర్తిగా లోపలికి కొట్టలేదు, ఇంకోసారి జ్వరం నుంచి లేచిన నీరసంలో మణికట్టు వదులుగా పట్టాను. ఫ్యాక్టరీ సైట్లు తీయించి రాత్రిపూట మెరిసేవి వేయించుకున్నాను, నా అవసరమే చీకట్లో కదా. ఒకసారి 15 రౌండ్లు పట్టే వేరే కంపెనీ మ్యాగజీన్ కొని చూశాను. రేంజ్‌లో మూడు నాలుగుసార్లు ఇరుక్కుంది. డ్రాయర్‌లో పడేసి మళ్లీ పదికి వచ్చేశాను.

మన దగ్గర మేలో ఎండలెలా ఉంటాయో ఇక్కడ జులై, ఆగస్టుల్లో అలా ఉంటాయి, 40 డిగ్రీలు మామూలే. చెమటంతా నడుము దగ్గరే చేరుతుంది. స్లైడ్‌కి (గన్ పైన కదిలే భాగానికి) ఏమీ కాలేదు గానీ మార్పించిన సైట్ మర మీద ఎర్రటి తుప్పు చుక్క వచ్చింది. విప్పి చూస్తే లోపల బనియన్ నూగు, పాతదైన నూనె కలిసి జిడ్డు ముద్ద. అప్పటినుంచి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం గన్ ఖాళీ చేసి, రెండుసార్లు చూసుకుని, విప్పి తుడుస్తాను. ఐదు నిమిషాల పని. కాఫీ చల్లారే లోపు అయిపోతుంది.

నాలుగేళ్లలో దాన్ని బయటకు తీసే అవసరం రాలేదు. ఒకసారి రాత్రి ఒకతను తప్పతాగి వచ్చి సిగరెట్ పెట్టెకి డబ్బులివ్వను అని అరిచాడు, కౌంటర్ మీద చరిచాడు. గన్ లేని రోజుల్లో అయితే నేనూ గొంతు పెంచేవాణ్నే. ఆ రోజు నడుములో అది ఉందన్న స్పృహతో నోరు మూసుకుని పెట్టె చేతికిచ్చి పంపేశాను. తొమ్మిది డాలర్లు పోయాయి.

ఇంట్లో పిల్లలున్నారు. 17 ఏళ్ల లోపు పిల్లలకు గన్ అందేలా వదిలేస్తే టెక్సస్ చట్టం తల్లిదండ్రుల మీదే కేసు పెడుతుంది. చట్టం లేకపోయినా ఈ పని చేయాల్సిందే. బీరువా అడుగున బోల్టులతో బిగించిన చిన్న లాక్ బాక్స్ ఉంది, ఇంట్లో అడుగు పెట్టగానే గన్ అందులోకి. మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు ఆ పెట్టె చూసి, నగలా అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "దేవుడి గదికి ఆనుకున్న గోడ కదరా అది, ఇటు పక్కకి మార్చు" అంది. మార్చాను.

మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది వీసా సంగతి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం గన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. స్నేహితుడితో సరదాగా రేంజ్‌కి వెళ్లి చేతిలోకి తీసుకోవడం కూడా అందులోకే రావచ్చు, మొహమాటపడి ఇమిగ్రేషన్ పోగొట్టుకోకండి. గ్రీన్ కార్డ్ వచ్చాక సంగతి వేరు. ఇంకొకటి, టెక్సస్ లైసెన్స్ అన్నిచోట్లా చెల్లదు. ఎడిసన్‌లో చుట్టాలింటికి కారులో బయల్దేరేటప్పుడు గన్ ఇంట్లో పెట్టి వెళ్లండి, న్యూజెర్సీ మన లైసెన్స్‌ని గుర్తించదు. ఇండియా ప్రయాణానికి రేంజ్‌కి వాడే బ్యాగు మాత్రం ముట్టుకోవద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు, పెళ్లికి వెళ్లినవాళ్లు పోలీస్ స్టేషన్లో కూర్చోవాల్సి వస్తుంది. నా రేంజ్ బ్యాగు ఎర్రది, గ్యారేజ్ దాటి ఇంట్లోకి రాదు.

మొన్న మా బావమరిది కూడా కొంటానన్నాడు. అతనికీ సిటిజన్‌షిప్ వచ్చింది, స్టోర్ తీసుకున్నాడు. "బావా, నువ్వు వాడేదే చెప్పు, ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. వద్దని చెప్పి రేంజ్‌కి తీసుకెళ్లాను. ఆరడుగుల మనిషి, చేతులు చేటలంత. నా 43ఎక్స్ అతని పిడికిలిలో బొమ్మలా కనబడింది, రౌండ్లు కిందికి పోయాయి. 19 ఇచ్చాను. 7 గజాల దగ్గర పదికి పదీ మధ్యలో పడ్డాయి. అదే కొన్నాడు. మూడు వారాల తర్వాత రాత్రి పన్నెండుకు ఫోన్. నేను కంగారుగా ఎత్తితే, "బావా, ఏమీ లేదు గానీ, నీ బెల్ట్ ఎక్కడ కొన్నావ్?" అన్నాడు.